కృపమణి వాకిట్లో ఆగిన బస్సు

పోయిన వారం శ్రీవాసవిని పత్తికొండ టమాటా మార్కెట్ బయట వదిలిపెట్టాం. ధర పడిపోయి రైతులు రోడ్డువార పారబోసిన పంటతో ఆమె మేనమామ కొడుకు ప్రదీప్‌కుమార్ విదేశీ అతిథుల చేత కొట్లాట ఆట ఆడించాడు. ఏదో దేశంలో అదొక పండగట. తెల్లచొక్కాలు ఎర్రబడేదాకా వాళ్ళు ఒకరి మీద ఒకరు విసురుకుంటుంటే, ఆ పంట పండించినవాళ్ళు బండ్ల మీద కూర్చుని చూస్తూ ఉండిపోయారు. వాసవి మధ్యలోకి వెళ్ళి ఆట మాన్పించింది. ప్రదీప్‌తో ఒక్కమాట మాత్రం అంది: "ఇంకోసారి ఇట్లాంటిది చేసినావంటే, నువ్వూ నేనూ కలిసి చేసే పని ఇంక ఉండదు బావా."

ఇప్పుడే ఈ కథలో అడుగుపెట్టినవారి కోసం నాలుగు మాటలు. వాసవి వేంపల్లె శెనక్కాయల వ్యాపారి నాగసుబ్బయ్య కూతురు. మూడేళ్ళుగా మారిషస్‌లో ఉండి, అతిథులను పిలవడం, ఉంచుకోవడం, ఊరు చూపించడం అనే పనిని ఓనమాల నుంచి నేర్చుకుంటోంది. కడప, కర్నూలు జిల్లాలకు బయటి దేశాల మనుషుల్ని తీసుకొచ్చే కంపెనీ పెట్టాలని ఆమె కల. కడపలో ట్రావెల్స్ నడిపే ప్రదీప్ ఇక్కడి భాగస్వామి. ఎలా నడుస్తుందో చూద్దామని మొదటి జట్టును వెంటబెట్టుకుని ఆమె సెలవు మీద వచ్చింది. జట్టులో ఆరుగురు. వాళ్ళలో మదాం క్లోదెట్ అనే ఆవిడకు పోర్ట్ లూయీలో పెద్ద ఏజెన్సీ ఉంది. ఆమెకు నచ్చితే ఏడాది పొడుగునా మనుషుల్ని పంపుతుంది. నచ్చకపోతే వాసవి కంపెనీ పుట్టకముందే పోయినట్టు.

రెండు వేల ఆరు, డిసెంబరు. ఆ ఉదయం జట్టు కడప నుంచి గండికోటకు పోవాలి. బస్సు ఊరు దాటింది. వాసవి ముందు సీట్లో కూర్చుని, గండికోట లోయ అంచున అతిథుల్ని ఎక్కడ నిలబెట్టాలి, పెన్న గురించి ఎంత చెప్పాలి, ఎక్కడ మాట ఆపి వాళ్ళను ఊరికే చూడనివ్వాలి అని మనసులో సర్దుకుంటోంది. కాసేపటికి తలెత్తి చూస్తే కిటికీ బయట చీనీ బత్తాయి తోటలు. ఈ దారి ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుస్తుంది. ఇది సొంతూరి దారి.

"బావా, మనం పోవాల్సింది గండికోటకు. వేంపల్లె దారి పట్టినామేంది?"

ప్రదీప్ డ్రైవరు పక్కన మైకు పట్టుకుని నిలబడి ఉన్నాడు. "గండికోట యాడికీ పోదు. పొద్దుగూకేలోపల పోదాం. ముందు ఒక చోటు చూపించేది ఉండాది."

"ఏ చోటు?"

అతను మైకు నోటి దగ్గర పెట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. ఇన్ని రోజులూ మీరు రాళ్ళు చూశారు, గుహలు చూశారు, ఈరోజు అసలైన రాయలసీమను చూస్తారు అన్నాడు. ఇది నీళ్ళు లేని నేల, అందుకే రక్తం తాగుతుంది అన్నాడు. ఇక్కడ పగ తండ్రి నుంచి కొడుక్కి ఆస్తి లాగా వస్తుందన్నాడు. మీరిప్పుడు బాంబుదాడిలో భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీని కలుస్తారు అన్నాడు. వెనక సీట్లలో గుసగుసలు ఆగిపోయాయి. కెమెరాల సంచులు తెరుచుకున్న చప్పుడు వినిపించింది.

వాసవి లేచింది. బస్సు ఆపమని డ్రైవరు భుజం తట్టింది. అతను ప్రదీప్ వైపు చూశాడు. ప్రదీప్ తల అడ్డంగా ఊపాడు. బస్సు వేంపల్లెలో కూడా ఆగకుండా, ఊరవతల కొత్తపాలెం మట్టిరోడ్డు పట్టింది.

కొత్తపాలెం చిన్న పల్లె. చర్చి, చర్చి చుట్టూ ఇండ్లు, ఇండ్ల వెనక ఎకరా అరెకరా మెట్టచేలు. వాసవి చిన్నప్పుడు ఇక్కడి ఆడవాళ్ళు వాళ్ళ మిల్లుకు కాయలు ఒలవడానికి వచ్చేవాళ్ళు. బస్సు మలుపు తిరిగి ఆగిన వాకిలి ఎవరిదో చూసిన క్షణాన ఆమె తలుపు దగ్గరికి నడిచింది. అది వాళ్ళలో ఒకరైన కృపమణి ఇల్లు.

ఇంటి ముందర సొట్టలు పడ్డ పాత సుమో ఒకటి నిలబెట్టి ఉంది. దాని అటూ ఇటూ తలగుడ్డలు చుట్టుకున్న ఇద్దరు మగవాళ్ళు వేటకొడవళ్ళు పట్టుకుని నిలబడ్డారు. అరుగు మీద, గంజి వాసన కూడా పోని కొత్త తెల్లచీరలో కృపమణి కూర్చుని ఉంది. ఆదివారం చర్చికి తప్ప ఆమె తెల్లచీర కట్టగా వాసవి ఎన్నడూ చూడలేదు. పక్కన కుర్చీ మీద ఆమె భర్త సుందరం పటం. పటానికి బంతిపూల దండ. ఆ ఇళ్ళలో పటాలకు దండలు వేసే అలవాటే లేదు.

వాసవి అందరికంటే ముందు దిగింది. నేరుగా సుమో దగ్గరికి నడిచింది. కొడవలి పట్టుకున్న ఇద్దరిలో ఒకడు వేంపల్లె బస్టాండులో ఆటో తోలే నరసన్న. ఆమెను చూడగానే కొడవలి వీపు వెనక దాచుకున్నాడు.

"ఏం నరసన్నా, నీకు కొడవలి ఎప్పుడొచ్చె?"

"నాది కాదు పాపా. ప్రదీపప్ప యాడనో సినిమావోళ్ళ కాడ తెచ్చినాడు. మొద్దుది. దోసకాయ గూడ తెగదు."

"కింద పెట్టు."

నరసన్న ప్రదీప్ వైపు చూడకుండా కొడవలిని సుమో కిందికి తోసేశాడు. రెండోవాడు కూడా అదే పని చేసి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

అతిథులు దిగుతున్నారు. ఒకాయన అప్పుడే మోకాలి మీద కూర్చుని కృపమణి ముఖానికి గురిచూస్తున్నాడు. వాసవి వెళ్ళి కెమెరాకు అరచేయి అడ్డం పెట్టింది.  ఇలా అడ్డం నిలబడడం ఆమెకు ఇది మొదటిసారి కాదు.

మారిషస్ వెళ్ళిన కొత్తలో ఆమె సముద్రం ఒడ్డున ఒక పెద్ద హోటల్లో చేరింది. అక్కడ ప్రతి శనివారం మధ్యాహ్నం కూలీల విందు అని ఒకటి పెట్టేవాళ్ళు. పాత చెరకు మిల్లు పక్కన బల్లలు వేసి అతిథులు తింటూ తాగుతూ ఉంటే, హోటల్లో పనిచేసే కుర్రవాళ్ళు గోనెపట్టాలు చుట్టుకుని చెరకు నరుకుతున్నట్టు ఎదురుగా నటించాలి. గుర్రం మీద ఒకడు కొరడా ఝళిపించాలి. అది ఝళిపించినప్పుడల్లా చప్పట్లు. గోనెలు చుట్టుకున్న ఆ కుర్రవాళ్ళ తాతముత్తాతలు అదే తోటలో, అలాంటి కొరడా కిందే నిజంగా పనిచేసినవాళ్ళు. ఆ విందుకు వ్యాఖ్యానం చెప్పే పని వాసవికి అప్పగించారు. చెప్పనంది. ఇది చరిత్రే కదా అన్నాడు తోటల దొరల వంశానికి చెందిన మేనేజరు. "చరిత్రయితే గుర్రం మీద మీరు కూర్చోండి. మీ తాతలు చేసిన పని అదే కదా" అంది వాసవి. ఆ సాయంత్రానికి ఉద్యోగం పోయింది.

అప్పుడు ఆమెను చేర్చుకున్నది లీలావతి. కోరంగి రేవులో ఓడెక్కి కూలీగా వచ్చినవాడి మునిమనవరాలు. ఇప్పుడు కొండ కింద నాలుగు గదుల విడిదికి యజమానురాలు. వాసవి పని నేర్చుకున్నది నిజానికి ఆ విడిదిలోనే. పక్క ఎట్లా పరచాలి అన్న దగ్గర్నుంచి, అతిథి ఏది అడగొచ్చు, ఏది అడగకూడదు అన్నదాకా. లీలావతి తన ముత్తాత కథ చెప్పేది. కాకపోతే తన బల్ల దగ్గర, అందరూ తిన్నాక, తనకు మనసైన రోజున. ఒకసారి ఒకతను మధ్యలో కెమెరా తీస్తే, "లోపల పెట్టు నాయనా, నువ్వు నా ఇంట్లో ఉన్నావు" అంది. హోటల్లో జరిగేదానికీ దీనికీ తేడా ఏమిటని వాసవి ఒకసారి అడిగింది. "నాకు వద్దనిపిస్తే తలుపు మూసుకుంటాను. ఆ కుర్రాళ్ళకు మూసుకోవడానికి తలుపేది?" అంది లీలావతి.

ఇప్పుడు సొంతూళ్ళో, చిన్నప్పుడు తనను ఎత్తుకు తిప్పిన మనిషి తలుపు ముందర బస్సు ఆగింది. తన బస్సే.

"ఇది ఎవరి పని బావా?"

"ఎవరిదేంది, నాదే." ప్రదీప్ ఆమెను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "కోపం తెచ్చుకోవాకు. వాళ్ళ మొగాలు చూడు. ఇన్ని దినాల్లో ఈ పొద్దే నిద్ర మేలుకున్న్యారు. మొన్న పత్తికొండ, నిన్న బెలుం గుహలు. బాగుండాయి అన్న్యారు, ఫొటోలు తీసుకున్న్యారు. గుహలు వాళ్ళకు ప్రపంచమంతా ఉండాయి. మన కాడ తప్ప ఇంగ యాడా దొరకనిది ఏముండాదో నువ్వే చెప్పు."

"ఇదా?"

"ఇదే. హైదరాబాదు సినిమావోళ్ళు మన కొడవండ్లు, మన బాంబులు చూపించి మేడలు కట్టుకున్న్యారు. వాళ్ళనెవురూ అడగల్యా. మనది మనం చూపించుకుంటే నీకు రోషం వస్తాందే."

"మనది కాదు. ఆమెది."

"ఆమె ఒప్పుకుండాది."

"ఒప్పుకోక ఏం చేస్తాది? మిల్లు శెట్టి మేనల్లుడు కొత్తచీర పట్టుకోని ఇంటికొస్తే వద్దంటాదా?" వాసవి గొంతు పెరిగింది. "సరే బావా. ఆ అరుగు మీద మా అత్తను కూర్చోబెట్టు. మామ గుండెనొప్పి వచ్చి పోయినాడు గదా, ఎట్ల పోయినాడో, పోయేటప్పుడు ఏం మాట్లాడినాడో చెప్పమను. నేనే మైకు పట్టుకుంటా."

ప్రదీప్ ముఖం మాడిపోయింది. "మా నాయన మాట ఎత్తొద్దు."

"ఎందుకు ఎత్తగూడదు? ఈమె మొగుని మాట నువ్వెత్తలేదా? మీ నాయన నాయన, సుందరన్న తమాషానా?"

 అతను బస్సులోంచి ఊడదీసి తెచ్చిన మైకు తీగను వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

ఇంతలో మదాం క్లోదెట్ దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి, మాట పొదుపు. వాసవితో ఫ్రెంచిలో అంది: "మీ ఇద్దరి గొడవ ఏమిటో నాకు తెలియదు. కానీ నేను నిజం చెప్తాను. ఈ ప్రయాణంలో నాకు గుర్తుండబోయే చోటు ఇదొక్కటే. ఆవిడ మాట్లాడితే వినాలని ఉంది. ఇలాంటిది మీ కార్యక్రమంలో ఉంటే నా వాళ్ళు వస్తారు."

"ఇది కార్యక్రమంలో లేదు మదాం. ఉండదు."

"అయితే నేను ఆలోచించుకోవాలి."

"ఆలోచించుకోండి. ముందు అందరూ బస్సెక్కండి, దయచేసి."

 మూడేళ్ళు పరాయి దేశంలో పక్కలు పరిచి, బల్లలు తుడిచి, తెలియని భాష నేర్చుకుని కట్టుకున్నదంతా ఆ ఒక్క మాటతో కూలిపోతోందని వాసవికి తెలుసు. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. చేతులు చాచి అతిథులను బస్సు వైపు మళ్ళించడం మొదలుపెట్టింది.

"పాపా." అరుగు మీదనుంచి కృపమణి పిలిచింది. "నన్ను అడగకుండానే అంపించేస్తాండావే."

వాసవి ఆగిపోయింది.

"అక్కా, నిన్ను ఇట్ల కూర్చోబెట్టినారే, నాకు..."

"చీర ప్రదీపప్పది. దండ ఆయప్పదే. కూర్చున్న్యది మాత్రం నేనే కూర్చున్న్యా." కృపమణి గొంతులో కోపం ఉంది, అది ఎవరి మీదో తెలియడం లేదు. "వేరే దేశమోళ్ళు వస్తారు, నీ మొగుడు ఎట్ల సచ్చినాడో అడుగుతారు అన్న్యాడు. సరే రానీ అంటి. ఆయప్ప అడగకుండ దండ ఏసె, నువ్వు అడగకుండ లేపబడితివి. ఇద్దరూ ఒకటే నాకు."

వాసవికి ముఖం మీద కొట్టినట్టయింది. మెల్లగా వెళ్ళి అరుగు ముందర గొంతుక్కూర్చుంది. "నాది తప్పే అక్కా. నీకు చెప్పల్లనని ఉండాదా?"

"పదమూడేండ్లుగా ఉండాది. ఎవురన్నా అడిగితే గదా. పోలీసోళ్ళు వాళ్ళే రాసుకోని, వాళ్ళే నా యేలు పట్టుకోని ముద్ర ఏయించుకున్న్యారు. పేపరోళ్ళు ముఠా మనిషి సచ్చె అని రాసిరి. పాస్టరయ్య వచ్చి, క్షమించమ్మా అనె. ఎవుర్ని క్షమించల్లనో చెప్పుకోనీకన్నా ఒక మనిషి ఉండల్ల గదా పాపా. ఈ ఊర్లో చెప్తే ఎవురికో ఒకరికి భయం. వీళ్ళకేం భయం? ఇని, సముద్రం దాటి పోతారు."

ఆమె లేచింది. సుందరం పటానికున్న దండ తీసి గోడ పక్కన పెట్టింది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. బయటికి వచ్చినప్పుడు వెలిసిపోయిన ఆకుపచ్చ చీర కట్టుకుని ఉంది. చేతిలో రెండు చాపలు. వాసవి అందుకుని వాకిట్లో పరిచింది. కెమెరాలు బస్సులో పెట్టి రమ్మని అతిథులకు చెప్పింది. మొదట కదిలింది మదాం క్లోదెట్. కృపమణి అందరికీ చెంబుతో నీళ్ళు పోసి ఇచ్చింది. అంతదాకా ఆ వాకిట్లో ఉన్న సంత వాతావరణం పోయి, అది మళ్ళీ ఒక ఇల్లయింది.

"వాళ్ళ బాసలో నువ్వే చెప్పల్ల," అంది కృపమణి. "ఆయప్ప కాదు. నేను ఎట్ల చెప్తే అట్ల."

"అట్లే చెప్తా."

అప్పుడే మట్టిరోడ్డు మీద స్కూటర్ చప్పుడయింది. నాగసుబ్బయ్య. బస్సు వేంపల్లె దాటి ఇటు వచ్చిందని ఎవరో చెప్పి ఉంటారు. లుంగీ మీద తువ్వాలు కప్పుకుని, ఉన్నపళాన బయల్దేరినట్టున్నాడు. స్కూటర్ స్టాండ్ కూడా వెయ్యకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"వాసవీ, ఏందమ్మా ఇదంతా? అందర్నీ బస్సెక్కమను. పోండి ఈణ్నుంచి."

తండ్రి తన పక్షాన ఉన్నందుకు వాసవికి ప్రాణం లేచివచ్చినట్టయింది. "నేనూ అదే అంటి నాయనా. బావ చేసిన పని చూడు. కానీ అక్కకే చెప్పుకోవల్లనని ఉండాది."

"పాతవి తవ్వుకుంటే ఏమొస్తాది? ఆమెకేం తెల్సు?"

ఆయన కృపమణి వైపు చూడలేదు. వాసవి దాన్ని జాలి అనుకుంది. సుందరం సమాధి ఖర్చు పెట్టుకున్నది తండ్రే. ప్రతి క్రిస్మస్‌కు ఈ ఇంటికి బట్టలూ బియ్యమూ పంపేదీ ఆయనే. అంత కష్టం మళ్ళీ వినలేకపోతున్నాడు అనుకుని, "నువ్వు పో నాయనా, నేను తొందరగా ముగించుకోని వస్తా" అంది. ఆయన పోలేదు.

కృపమణి చెప్పడం మొదలుపెట్టింది. ఒక్కో మాటా చెప్పి ఆగుతోంది. వాసవి ఫ్రెంచిలోకి మారుస్తోంది.

"మా ఆయప్ప ముఠా మనిషి కాదు. ఒక్కనాడు రాయెత్తి కుక్కను కొట్టినోడు కాదు. మిల్లులో మూటలు మోసేటోడు."

ఏ మిల్లు అని మదాం అడిగింది. మా నాన్నగారిది అని వాసవి చెప్పింది. చెప్పేటప్పుడు కాస్త గర్వంగానే చెప్పింది.

"క్రిస్మస్ ముందు. సాయంత్రం వచ్చి చర్చి కాడ పందిరి ఏస్తానని చెప్పి పోయినాడు. ఎదురు ముఠావోళ్ళు జీపు మీద బాంబు ఏసినారని, జీపులో ఈయప్ప ఉన్న్యాడని పేపర్లో వచ్చె. జీపు లేదు. ఎదురు ముఠా లేదు. కడప ఆస్పత్రికి తీసకపోతాంటే నా ఒళ్ళో తల పెట్టుకోని ఆయప్పే చెప్పినాడు. అంతసేపు బతికిన్న్యాడు."

వాసవి దాన్నీ ఫ్రెంచిలో చెప్పింది.  ప్రదీప్ మైకును ఎక్కడో పెట్టేసి, సుమోకు ఆనుకుని వింటున్నాడు. ఈ కథ అతనికీ కొత్తదే. తాను బస్సులో చెప్పింది పేపర్లో వచ్చినదే.

"గోడౌన్లోనించి మూటలు ఎత్తి ట్రాక్టర్లో ఏస్తాండాడంట. కడాన ఒక చిన్న మూట మిగిలింది. అన్నీ దించినట్లే దాన్నీ దబాల్న దించినాడు. శెనక్కాయల మూటలో శెనక్కాయలు లేవు పాపా."

వాసవి నోరు తెరిచింది. ఫ్రెంచి మాట రాలేదు. గోడౌను అని ఆమె విన్నది, ఏ గోడౌను అని ఇప్పుడు అర్థమవుతోంది. పదమూడేళ్ళ వయసులో ఆ గోడౌన్లోనే మూటల మధ్య దాగుడుమూతలు ఆడుకుంది.

"పైలంగా దించు సుందరా అని ఒక్క మాట అనింటే బతికుండేటోడు. కాయల మూటే, ఎత్తు అన్న్యాడంట." కృపమణి ఇప్పుడు మొదటిసారి స్కూటర్ వైపు చూసింది. "ఆ మాట అన్న్యది నాగసుబ్బయ్య శెట్టి."

 మదాం క్లోదెట్ ముందుకు వంగింది. "ఏమంది ఆవిడ? చివర్న ఏదో పేరు చెప్పింది."

వాసవి తండ్రి వైపు తిరిగింది. అబద్ధం అని ఆయన అంటాడని చూసింది. ఆ ఒక్కమాట అంటే చాలు, కృపమణితో పోట్లాడైనా సరే తండ్రినే నమ్మేది. నాగసుబ్బయ్య తువ్వాలు కొసతో మెడ తుడుచుకున్నాడు.

"ఇంటికి పోయి మాట్లాడుకుందాం రా అమ్మా," అన్నాడు.

పొద్దుటి నుంచీ ఆమెలో రగులుతున్న కోపం చల్లారలేదు, దారి మాత్రం మార్చుకుంది. ప్రదీప్ మీద, సినిమావాళ్ళ మీద, చప్పట్లు కొట్టిన ఆ హోటలు అతిథుల మీద అంత సులభంగా వచ్చిన కోపం, ఇప్పుడు వచ్చి వచ్చి తన ఇంటి ముందరే నిలబడింది. ఏటేటా ఈ వాకిటికి చేరిన బట్టలూ బియ్యమూ దేనికోసమో ఇప్పుడు తెలిసింది. ఆమె అతిథుల వైపు తిరిగింది.

"ఆ మూట ఎత్తమన్న మనిషి పేరు నాగసుబ్బయ్య," అంది ఫ్రెంచిలో. "మా నాన్న. అదిగో, మీ వెనక నిలబడి ఉన్నారు."

అందరూ వెనక్కి తిరిగారు. నాగసుబ్బయ్యకు ఆ భాష రాదు. తన పేరు మాత్రం తెలిసింది. కూతురు ఎవరికి ఏం చెప్పిందో ఆ ముఖాల్లో కనిపించింది. స్కూటర్ గోడకు ఆనించాడు. చెప్పులు విడిచి, ఎన్నేళ్ళుగానో మనిషిని పంపడమే తప్ప తాను రాని ఆ వాకిట్లోకి నడిచి వచ్చి, కృపమణికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఆ మూటలో బాంబులుండాయని నాకు తెల్సు," అన్నాడు. వాసవితో కాదు, కృపమణితోనే. "వద్దనే ధైర్యం నాకు లేకపాయ. దాచిపెట్టమని నా గోడౌనుకు ఎవురు పంపినారో నీకు తెలీదు. మీ ఆయప్పకూ తెలీదు. నీ కూతురి పెండ్లి దాకా బతకల్లంటే ఆ పేరు మరిచిపో శెట్టీ అని నాతో అన్న్యారు. మరిచిపోయినట్లే బతికినా. ఈ పొద్దు చెప్తా. వాసవీ, ఇది కూడా వాళ్ళ బాసలో చెప్పు."

సుమో పక్కన కూర్చున్న నరసన్న లేచి నిలబడ్డాడు. తలగుడ్డ చేతిలో నలిగిపోతోంది. మట్టిరోడ్డు అటు చివర ఒకసారి, ఇటు చివర ఒకసారి చూశాడు.

"ఆ పేరు మాత్రం ఈడ ఎత్తాకు శెట్టీ," అన్నాడు. "ఆయప్ప ఇంగా బతికే ఉండాడు. ఈ బస్సు ఈడికి ఎందుకొస్తాందని పొద్దన్నే నన్ను అడిగినాడు."